ఒకే తీరం, రెండు దీవులు: విముక్తుల చేతిలో ఏ భూమి నిలిచింది, ఏది పోయింది?

అమెరికాలోని సౌత్ కరోలినా తీరంలో సెయింట్ హెలీనా అనే దీవి ఉంది. అయిదేళ్ల కిందటి దాకా బానిసలుగా బతికిన కుటుంబాలు ఎన్నో 1866లో అక్కడ సొంత భూమిలో పత్తి విత్తుకున్నాయి. అదే ఏడాది, అదే తీరంలో కాస్త ఉత్తరాన ఉన్న ఎడిస్టో దీవిలో కూలి ఒప్పందానికి ఒప్పుకోబోమన్న కుటుంబాలను సైనికులు పొలాల్లోంచి ఖాళీ చేయించారు. రెండు దీవుల్లోనూ భూమి తెల్ల యజమానులు వదిలి పారిపోయినదే. రెండు చోట్లా పంట అదే, పనితనం అదే, సాగు చేస్తున్నవాళ్లు పడ్డ కష్టమూ అదే.

అమెరికా అంతర్యుద్ధం తర్వాత విముక్తుల భూమి కథను చాలామంది ఒక్క వాక్యంలో చెబుతారు: ప్రభుత్వం కుటుంబానికి 40 ఎకరాలు, ఒక కంచరగాడిద ఇస్తానంది, ఇవ్వలేదు. అందులో అబద్ధం లేదు. కానీ కొందరికి భూమి ఎలా దక్కింది, దక్కినవాళ్లకు ఎందుకు నిలిచింది అన్నది ఆ వాక్యం చెప్పదు. వదిలేసిన ప్లాంటేషన్ల మీదికి విముక్తులు ఒక్క దారిన రాలేదు. కొందరు పన్ను వేలంలో కొన్నారు, కొందరు సైనిక ఉత్తర్వుతో దిగారు, కొందరు ప్రభుత్వ శాఖ దగ్గర కౌలుకు తీసుకున్నారు, కొందరు పాత యజమాని దగ్గరే అప్పు మీద కొన్నారు. ఏ దారిన వచ్చారన్నదే చివరికి వాళ్ల తలరాత రాసింది.

యజమానులు పోయాక

1861 నవంబరు 7న ఉత్తరాది నౌకాదళం సెయింట్ హెలీనా పక్కనున్న పోర్ట్ రాయల్ జలసంధి దగ్గరి కోటలను కొట్టి పట్టుకుంది. ఫిరంగుల మోత వినగానే చుట్టుపక్కల దీవుల భూస్వాములు దొరికిన పడవల్లో లోపలి ప్రాంతాలకు పారిపోయారు. తమతో రమ్మని, వస్తారా చస్తారా అని బానిసలను బెదిరించినా ఎక్కువమంది కదల్లేదు. అలా సుమారు 10,000 మంది ఆ దీవుల్లో ఉండిపోయారు. పలు చోట్ల వాళ్లు ముందుగా చేసిన పని పత్తి జిన్నులు విరగ్గొట్టడం. తర్వాత మొక్కజొన్న, చిలగడదుంప నాటుకున్నారు.

అది తెలివైన లెక్క. సీ ఐలాండ్ పత్తి పొడుగు పింజ రకం, ధర బాగా పలుకుతుంది కానీ ఏడాది పొడుగునా మనిషిని తినేస్తుంది. అక్కడ నాగలి వాడకం తక్కువ, దాదాపు అంతా చేతిపారతోనే సాగేది. చలికాలంలో ఉప్పు చిత్తడి నేలల నుంచి గడ్డి, బురద మోసుకొచ్చి ఎరువుగా వేయాలి. పాత బోదెలు విరిచి కొత్త బోదెలు ఎత్తాలి. మార్చి చివర, ఏప్రిల్‌లో విత్తితే మొదటి కాయ పగిలేది ఆగస్టు చివరికి. అక్కడి నుంచి డిసెంబరు దాకా మళ్లీ మళ్లీ ఏరాలి. తర్వాత గింజ తీయాలి, నలక ఏరాలి. ఈ పింజ తెగకుండా ఉండాలంటే రంపపు పళ్ల జిన్ను పనికిరాదు, రోలర్ జిన్నే కావాలి. డబ్బు కళ్లపడేది ఆ ఏడాది ఆఖరికి. అందాకా ఇంట్లో తిండికి పత్తి అక్కరకు రాదు.

1862 మొదట్లో ఖజానా శాఖ తరఫున వచ్చిన ఎడ్వర్డ్ పియర్స్, ఆయన వెంట బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల నుంచి దిగిన టీచర్లు, సూపరింటెండెంట్లు మాత్రం పత్తే పండాలన్నారు. స్వేచ్ఛగా ఉన్న నల్లమనిషి కూలికి పత్తి పండించగలడని దేశానికి చూపించడం వాళ్ల లక్ష్యం. పని కొలత పాతదే వాడారు. అక్కడ 'టాస్క్' అంటే పావు ఎకరం, ఇటు 105 అడుగులు అటు 105 అడుగులు. ఆ కొలతకు ఇంత అని కూలి. ప్రభుత్వం దగ్గర్నుంచి ఆ కూలి నెలల తరబడి ఆలస్యంగా వచ్చేది. కూలి చేతికి రాని కూలిపని అంటే ఆ జనానికి బాగా తెలుసు. వాళ్లు భూమి అడగడం అక్కడి నుంచే మొదలైంది.

పన్ను కట్టని భూమి

సెయింట్ హెలీనా కథ మలుపు తిరిగింది మానవత్వం వల్ల కాదు, పన్ను చట్టం వల్ల. యుద్ధ ఖర్చుకు 1861 ఆగస్టులో కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) అన్ని రాష్ట్రాల మీదా కలిపి ఏడాదికి 2 కోట్ల డాలర్ల ప్రత్యక్ష పన్ను వేసింది. తిరుగుబాటు చేసిన సౌత్ కరోలినా వాటా సుమారు 3,63,570 డాలర్లు. 1862 జూన్ 7న వచ్చిన మరో చట్టం ప్రకారం, ఉత్తరాది సైన్యం అధీనంలోకి వచ్చిన ప్రాంతాల్లో ఒక్కో భూమి మీద ఆ వాటాను పంచి, దానికి సగం జరిమానా కలిపి, గడువులో కట్టకపోతే ఆ భూమిని వేలం వేయొచ్చు. యజమాని స్వయంగా వచ్చి కట్టాలని కమిషనర్లు పట్టుబట్టారు. శత్రు సైన్యంలో ఉన్నవాడు వచ్చి ఎలా కడతాడు?

1863 మార్చిలో అక్కడి బోఫోర్ట్ ఊళ్లో మొదటి వేలం జరిగింది. ప్రైవేటు కొనుగోలుదార్లకు అమ్ముడైంది 16 వేల ఎకరాల పైచిలుకు. అందులో సుమారు 8,000 ఎకరాలు, అంటే 11 ప్లాంటేషన్లు, బోస్టన్ పెట్టుబడితో ఎడ్వర్డ్ ఫిల్‌బ్రిక్ కొన్నాడు. విముక్తులు ఊరుమ్మడిగా డబ్బు పోగుచేసి కొన్నది దాదాపు 2,000 ఎకరాలు. ఎకరం సగటున డాలరుకు అటూ ఇటూ పడింది. వేలానికి వచ్చిన మిగతా భూమినంతా ప్రభుత్వమే రాయించుకుంది.

ఆ మిగిలిన భూమి మీద తర్వాత జరిగిన గందరగోళం చూస్తే బాధేస్తుంది. 1863 సెప్టెంబరులో అధ్యక్షుడు లింకన్ ఇచ్చిన ఆదేశం ప్రకారం కొంత భూమిని నల్లజాతి కుటుంబాలకు 20 ఎకరాల చొప్పున, ఎకరం 1.25 డాలర్లకు కేటాయించాలి. డిసెంబరు 31న దాన్ని మార్చి, సాగు చేస్తున్నవాళ్లే 40 ఎకరాల దాకా ముందుగా హక్కు చెప్పుకుని అదే ధరకు కొనుక్కోవచ్చన్నారు. జనం కర్రలు పాతుకున్నారు, డబ్బు కట్టారు. పన్ను కమిషనర్లలోనే చీలిక వచ్చి వాషింగ్టన్‌కు ఫిర్యాదులు పోయాయి. 1864 ఫిబ్రవరిలో ఆ ఆదేశం రద్దయి, భూమి మళ్లీ బహిరంగ వేలానికి వెళ్లింది. ఈసారి సగటు ధర ఎకరాకు 11 డాలర్లు దాటింది. 1.25 డాలర్ల లెక్కన 40 ఎకరాలకు 50 డాలర్లు కూడబెట్టుకున్న ఇంటికి ఈ కొత్త ధరన అయిదు ఎకరాలు కూడా రావు.

అయినా ఒకటి గమనించాలి. పన్ను వేలంలో, తర్వాత పన్ను కమిషన్ నుంచి చిన్న చెక్కలుగా కొన్నవాళ్లందరికీ చేతికొచ్చింది అమ్మకపు పత్రం. అది ఎవరో దయతలచి ఉండనిచ్చిన చోటు కాదు. ఈ తేడా ఎంత పెద్దదో రెండేళ్లలో తేలింది.

షెర్మన్ ఉత్తర్వు: 40 ఎకరాల లెక్క

1864 డిసెంబరు 21న ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం సవానా నగరంలోకి అడుగుపెట్టింది. వెనకాల వేలమంది విముక్తులు, తిండి లేకుండా, గుడ్డ లేకుండా. 1865 జనవరి 12న యుద్ధ మంత్రి స్టాంటన్ సమక్షంలో షెర్మన్ 20 మంది నల్లజాతి మతపెద్దలతో మాట్లాడాడు. వాళ్ల తరఫున మాట్లాడింది 67 ఏళ్ల గారిసన్ ఫ్రేజియర్. ఆయన 1857లో తననూ తన భార్యనూ వెయ్యి డాలర్ల వెండి బంగారాలు చెల్లించి విడిపించుకున్న మనిషి. మీ కాళ్ల మీద మీరు ఎలా నిలబడతారని అడిగితే, భూమి ఉంటే చాలు, మా చేతులతో మేమే దున్నుకుంటాం, డబ్బు కూడాక దాన్ని కొనుక్కుంటాం అన్నాడు. ఉచితంగా ఇమ్మని అడగలేదు.

నాలుగు రోజులకు, జనవరి 16న, 15వ నంబరు ప్రత్యేక ఉత్తర్వు వచ్చింది. చార్లెస్టన్‌కు దక్షిణాన ఉన్న దీవులు, సముద్రం నుంచి 30 మైళ్ల లోపలి దాకా నదుల వెంట వదిలేసిన వరి మడులు, ఫ్లోరిడాలో సెయింట్ జాన్స్ నది ఒడ్డు ప్రాంతం విముక్తులకు కేటాయించారు. పద్ధతి ఇది: ముగ్గురు కుటుంబ పెద్దలు కలిసి ఒక చోటు ఎంచుకోవాలి, ఇన్‌స్పెక్టర్ లైసెన్సు ఇస్తాడు, అక్కడ కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా సాగుభూమి పంచుకోవాలి, నీటి ఒడ్డున అయితే ఒడ్డు పొడవు 800 అడుగులు మించకూడదు. 800 అడుగుల ఒడ్డు తీసుకుంటే 40 ఎకరాల చెక్క లోపలికి దాదాపు 2,180 అడుగులు పోతుంది. పడవ తప్ప వేరే దారి లేని చోట ఒక్కడే రేవంతా ఆక్రమించకుండా పెట్టిన మంచి నియమం అది. పంట అమ్ముకోవడానికి, సరుకు తెచ్చుకోవడానికి ఒక ఆవిరి పడవను ఏర్పాటు చేయొచ్చని కూడా ఉంది. విధుల్లో ఉన్న సైనికాధికారులు, సైనికులు తప్ప తెల్లవాళ్లెవరూ అక్కడ నివసించరాదన్నారు. కంచరగాడిద ఊసు ఉత్తర్వులో లేదు. సైన్యం దగ్గర మిగిలిన, అలసిపోయిన జంతువులను తర్వాత కొందరికి ఇచ్చారు, అంతే.

అసలు లోపం మరో వాక్యంలో ఉంది. ఇన్‌స్పెక్టర్ ఇచ్చేది స్వాధీన పత్రం మాత్రమే. అదీ అధ్యక్షుడి ఆమోదానికి లోబడి. కాంగ్రెస్ హక్కు సంగతి తేల్చేదాకా సైన్యం వాళ్లను కాపాడుతుందని రాసి ఉంది. డి-ఫారం పట్టాకూ రిజిస్టర్డ్ దస్తావేజుకూ తేడా తెలిసిన తెలుగు రైతుకు ఇది వెంటనే బోధపడుతుంది. సాగు చేసుకోవచ్చు, కానీ కోర్టులో ఇది నాదని నిరూపించడానికి ఆ కాగితం చాలదు.

ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జనరల్ రూఫస్ శాక్స్‌టన్ ఈ పనిని మనసుపెట్టి చేశాడు. సవానా సమావేశంలో కూర్చున్న యులిసెస్ హ్యూస్టన్ సుమారు వెయ్యి మందితో స్కిడవే దీవికి వెళ్లాడు. చెక్కలకు నంబర్లు వేసి, టోపీలో చీటీలు కలిపి తీసుకున్నారు. సెయింట్ కేథరిన్స్ దీవిలో ట్యూనిస్ క్యాంబెల్ అనే నల్లజాతి నాయకుడు సొంత పాలకసభనే నడిపాడు. 1865 జూన్ నాటికి దాదాపు 40,000 మంది 4 లక్షల ఎకరాల మీద ఉన్నారు. కానీ చాలా చోట్ల గొలుసు పట్టి కొలిచినవాడు లేడు, హద్దు రాయి లేదు. వారంటు కాగితం, అంటే ఆ స్వాధీన పత్రం, నిజంగా చేతికి అందిన కుటుంబాలు మొత్తంలో చిన్న భాగమే.

వరి మడుల దగ్గర ఇంకో చిక్కు ఉంది, మన డెల్టా రైతులకు ఇది చెప్పనక్కర్లేదు. ఆ మడులకు నీళ్లు ఆటుపోట్ల మీద ఆధారపడి వస్తాయి. సముద్రం పోటు మీదున్నప్పుడు నదిలోని మంచినీరు పైకి లేస్తుంది. గట్టులో అమర్చిన చెక్క తూము తలుపు తెరిస్తే మడిలోకి వస్తుంది, ఆటు వేళ తెరిస్తే బయటికి పోతుంది. విత్తగానే మొలకకు ఒకసారి, కలుపు చావడానికి ఒకసారి, కంకి బరువెక్కాక మొక్క పడిపోకుండా ఒకసారి నిండా నీళ్లు కట్టాలి. యుద్ధంలో మూడు నాలుగేళ్లు మరమ్మతు లేక గట్లు తెగాయి, తూములు కుళ్లాయి. ఒక్క గండి పడితే ఆ గట్టు వెనకున్న అన్ని మడుల్లోకీ నీళ్లు జొరబడతాయి. వానలు తగ్గిన ఏడాది ఉప్పునీరు ఎగదన్ని వస్తుంది, ఉప్పు పట్టిన మడి తేరుకోవడానికి కాలం పడుతుంది. అలాంటి భూమిని 40 ఎకరాల చొప్పున విడివిడిగా పంచితే సరిపోదు. గట్టుపని అందరూ కలిసి చేయాలి, దానికి కలప, పెట్టుబడి కావాలి. ఎవరూ అవి ఇవ్వలేదు. పత్తి దీవుల్లో పారతో నెట్టుకురాగలిగినవాళ్లు వరి నదుల మీద అంత తేలిగ్గా నెట్టుకురాలేకపోవడానికి కారణం ఇదే.

క్షమాభిక్షతో వెనక్కి

1865 మార్చి 3న కాంగ్రెస్ విముక్తుల బాగోగులు చూసే ప్రభుత్వ శాఖ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరోను పెట్టింది. దాని నాలుగో సెక్షన్ ప్రకారం విముక్తులకు, యూనియన్ (ఉత్తరాది) పక్షాన నిలిచిన శరణార్థులకు 40 ఎకరాల దాకా మూడేళ్లు కౌలుకివ్వొచ్చు. కౌలు 1860 నాటి భూమి విలువలో ఏడాదికి 6 శాతం మించకూడదు. ఎకరం 20 డాలర్లనుకుంటే 40 ఎకరాలకు ఏడాదికి 48 డాలర్లు. ఆ గడువులో కొనుక్కునే వీలుంది, అయితే ప్రభుత్వానికి ఎంత హక్కుంటే అంతే బదిలీ అవుతుందని చట్టం జాగ్రత్తగా రాసుకుంది. బ్యూరో చేతిలో ఆ ఏడాది సుమారు 8.5 లక్షల ఎకరాలు ఉన్నా, వాటిలో ప్రభుత్వానికి పూర్తి హక్కున్నది చాలా తక్కువ.

ఎందుకంటే, 1864లో వచ్చిన ఒక చట్టం దృష్టిలో 'వదిలేసిన' భూమి అంటే యజమాని తనంతట తాను వెళ్లిపోయి, తిరుగుబాటులో పాల్గొంటున్న భూమి. అతను తిరిగొచ్చి, క్షమాభిక్ష తీసుకుంటే? ఇక తిరుగుబాటుదార్ల ఆస్తి లాక్కునే జప్తు చట్టం సంగతి: 1862 నాటి రెండో జప్తు చట్టానికి లింకన్ పట్టుబట్టి ఒక వివరణ తీర్మానం చేర్పించాడు. ద్రోహి బతికున్నంత కాలమే జప్తు, తర్వాత వారసులకు చెందుతుంది. రాజ్యాంగం మూడో అధికరణం దానికి ఆధారం. కాబట్టి ఆ దారిన విముక్తులకు శాశ్వత హక్కు ఇవ్వడం మొదటి నుంచీ కష్టమే.

లింకన్ హత్య తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ 1865 మే 29న క్షమాభిక్ష ప్రకటించాడు. విధేయత ప్రమాణం చేసినవాళ్లకు బానిసలు తప్ప మిగతా ఆస్తి వెనక్కి వస్తుంది. 20,000 డాలర్ల పైబడిన ఆస్తిపరులు విడిగా అర్జీ పెట్టుకోవాలి. పెట్టుకున్నారు, వేల సంఖ్యలో పొందారు. బ్యూరో అధిపతి ఆలివర్ హవర్డ్ జూలై 28న 13వ సర్క్యులర్‌తో, విముక్తులకు కేటాయించిన భూమి క్షమాభిక్షతో తిరిగి పోదని ఆపబోయాడు. జాన్సన్ దాన్ని రద్దు చేయించాడు. సెప్టెంబరు 12న వచ్చిన 15వ సర్క్యులర్ ప్రకారం, కోర్టు తీర్పుతో జప్తై అమ్ముడైతే తప్ప, యజమాని వచ్చి క్షమాభిక్ష చూపిస్తే భూమి అతనిదే. నిలబడ్డ పంట మాత్రం వేసినవాళ్లు కోసుకోవచ్చు.

ఈ కబురు ఎడిస్టోకు చెప్పడానికి అక్టోబరులో హవర్డే స్వయంగా వెళ్లాడు. చర్చిలో వేలాది జనం. వాళ్లు ఎంచుకున్న కమిటీ, హెన్రీ బ్రామ్, ఇష్మాయేల్ మౌల్ట్రీ, యేట్స్ శాంప్సన్, తర్వాత హవర్డ్‌కూ అధ్యక్షుడికీ ఉత్తరాలు రాసింది. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న హవర్డ్‌కు వాళ్లు చెప్పిన మాట మరిచిపోలేం: మీకు పోయింది ఒక చెయ్యి, మీరు క్షమించగలరేమో, నన్ను చెట్టుకు కట్టి 39 దెబ్బలు కొట్టినవాడిని, నా తల్లినీ చెల్లినీ కొరడాతో కొట్టినవాడిని, అతని భూమిలో అతను చెప్పిన షరతుకే ఉండమంటున్నవాడిని నేను ఎలా క్షమించగలను? తమకు కావలసింది కూడా స్పష్టంగా రాశారు: కొద్ది ఎకరాలైనా సొంతంగా కొనుక్కునే హక్కు. హవర్డ్ చేయగలిగింది భూస్వాముల తరఫున ఒకరు, విముక్తుల తరఫున ఒకరు, బ్యూరో తరఫున ఒకరితో బోర్డు పెట్టడం. బోర్డు వాయిదాలు తెచ్చింది, అంతకు మించి కాదు. 1866 జనవరిలో శాక్స్‌టన్‌ను తప్పించారు. అదే శీతాకాలంలో ఒప్పందమో ఖాళీయో తేల్చుకోమన్నారు. ఒప్పందమంటే సాధారణంగా పంటలో పాలు. విత్తనం, తిండి అప్పు కోసుకున్నాక ఆ పాలులో మిగిలేది కొంచెమే.

1866 జూలై 16 చట్టంతో కాంగ్రెస్ అధ్యక్షుడి వీటో దాటి ఒక చిన్న పరిహారం ఇచ్చింది. చెల్లే షెర్మన్ వారంటు ఉన్నవాళ్లు బోఫోర్ట్ ప్రాంతంలోని ప్రభుత్వ పన్ను భూముల్లో 20 ఎకరాలు తీసుకుని, ఎకరం 1.50 డాలర్ల చొప్పున కొనుక్కోవచ్చు. ఆ భూమి ఎక్కడ, ఎడిస్టోలో దున్నిన పొలమెక్కడ! పైగా వారంటు అసలు రానివాళ్లకు, హద్దులు సరిగా రాయనివాళ్లకు అదీ లేదు. అదే ఏడాది వచ్చిన సదరన్ హోమ్‌స్టెడ్ చట్టం అయిదు రాష్ట్రాల్లో ప్రభుత్వ భూములు తెరిచింది, కానీ వాటిలో పైన్ అడవులు, చిత్తడి నేలలే ఎక్కువ. గొడ్డలి, ఎద్దు, ఏడాది తిండి లేకుండా అక్కడికెవరు పోగలరు?

అప్పు మీద కొన్న దారి

మిసిసిపీలోని డేవిస్ బెండ్ ఇంకో రకం. తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ అన్న జోసెఫ్ ప్లాంటేషన్ అది. 1865లో సైన్యం పర్యవేక్షణలో 181 సాగు బృందాలు సుమారు 5,000 ఎకరాల మీద పనిచేసి, దాదాపు 2,000 బేళ్ల పత్తి తీసి, ఖర్చులు పోను దాదాపు 1.6 లక్షల డాలర్లు మిగుల్చుకున్నాయి. నల్లవాళ్లు సొంతంగా సాగు చేయలేరన్న వాదానికి ఇంతకన్నా గట్టి జవాబు లేదు. అయినా భూమి జోసెఫ్ డేవిస్‌కే తిరిగి వెళ్లింది. ఆయన దగ్గర ఒకప్పుడు బానిసగా ఉండి ప్లాంటేషన్ వ్యాపారం నడిపిన బెంజమిన్ మాంట్‌గొమరీ 1866లో 3 లక్షల డాలర్లకు, వడ్డీ మీద, కొన్నాడు. తర్వాతి ఏడాదే వరదలు, పురుగు. పత్తి ధరా పడిపోతూ వచ్చింది. యుద్ధకాలంలో అమెరికా పత్తి ఆగిపోయినప్పుడు మన బళ్లారి, కర్నూలు రైతులకు కూడా ఎగిసి, ఆ తర్వాత పడిన ధర అదే లివర్‌పూల్ మార్కెట్ ధర. 1881లో భూమి అప్పు కింద డేవిస్ కుటుంబానికి వెళ్లిపోయింది.

పన్ను పత్రం నిలిచింది

ఇక సెయింట్ హెలీనా. అక్కడి పాత యజమానులు కూడా క్షమాభిక్ష పట్టుకుని వచ్చారు. కానీ పన్ను వేలం శిక్ష కాదు. పన్ను ఎగవేతకు జరిగిన అమ్మకం. దాన్ని క్షమాభిక్ష తుడిచేయదు. పాత యజమానులు కోర్టుకెళ్లారు. 1862లో ప్లాంటర్ అనే నౌకను దక్షిణాది చేతుల్లోంచి తప్పించి తెచ్చిన రాబర్ట్ స్మాల్స్, బోఫోర్ట్‌లో తన పాత యజమాని ఇంటినే పన్ను అమ్మకంలో కొన్నాడు. ఆ ఇంటి మీద వచ్చిన డిట్రెవిల్ వర్సెస్ స్మాల్స్ కేసులో సుప్రీంకోర్టు పన్ను హక్కును సమర్థించింది. ఆ తీర్పుతో చుట్టుపక్కల చిన్న రైతుల చెక్కలు కూడా గట్టిపడ్డాయి. 1891లో కాంగ్రెస్ పాత యజమానులకు సాగుభూమికి ఎకరాకు 5 డాలర్లు, మిగతాదానికి 1 డాలరు పరిహారం కూడా చెల్లించింది. అంటే భూమి పోయిన భూస్వామికి డబ్బొచ్చింది. 1866లో ఎడిస్టోలో భూమి పోయిన విముక్తుడికి డబ్బేమీ రాలేదు. ఈ అన్యాయం గురించి మాట్లాడేవాళ్లు చాలా తక్కువ.

సెయింట్ హెలీనా మీద ఆ పది, ఇరవై ఎకరాల చెక్కలు తరతరాలుగా గల్లా జనం, అంటే ఆ దీవుల విముక్తుల వారసుల, చేతిలో ఉన్నాయి. ఇప్పుడు వాటిని పోగొడుతున్నది వేరే చిక్కు. వీలునామా రాయకుండా ముత్తాత చనిపోతే భూమి వారసులందరికీ ఉమ్మడిగా పోతుంది. మూడు తరాలకు వాటాదార్లు డజన్ల మంది, న్యూయార్క్‌లో ఒకరు, అట్లాంటాలో ఒకరు. అందులో ఏ ఒక్కరి వాటానైనా ఒక బిల్డరు కొంటే, అతనూ ఉమ్మడి యజమానే. పంపకం దావా వేస్తాడు. పది ఎకరాలను యాభై ముక్కలు చేయలేమని కోర్టు మొత్తం అమ్మకానికి పెట్టేది. వేలంలో నగదు ఉండేది అతని దగ్గరే. 2010లో తయారైన నమూనా చట్టం దీన్ని మార్చింది: ముందు భూమికి మార్కెట్ విలువ కట్టించాలి, అమ్మకం కోరినవాడి వాటాను మిగతా వారసులు ఆ విలువకు కొనుక్కునేందుకు 45 రోజుల్లో ముందుకు రావచ్చు, అమ్మక తప్పకపోతే సాధారణంగా వేలం కాకుండా మార్కెట్‌లో పెట్టి అమ్మాలి. సౌత్ కరోలినాలో ఇలాంటి చట్టం 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. అయితే దావా పడ్డాక ఆ చట్టం వాడుకోవాలన్నా వంశవృక్షం, మరణ ధ్రువపత్రాలు, పన్ను రసీదులు చేతిలో ఉండాలి. కుటుంబంలో ఒకరు ఏటా పన్ను కడుతూ ఆ రసీదులు దాచిపెట్టడం, పెద్దల తరం ఉండగానే వారసుల పేర్లు రాయించి పెట్టుకోవడం అక్కడి న్యాయ సహాయకులు మొదట చెప్పే పనులు.